నోటితో తెరుచుకోని ఫైలు

ఓడ సరుకు ప్రోగ్రాములో లెక్క తప్పుతున్న చోటు సరిచేయాలి. సరిచేసింది నడిపి చూపించాలి. రిపోర్టు ప్రింటు తీయాలి. ఫ్లాపీలోకి ఎక్కించి, పోర్టు నుంచి వచ్చే మనిషి చేతికివ్వాలి. ఇవన్నీ సాయంత్రం ఆఫీసు మూసేలోగా, కీబోర్డు మీద వేలు పెట్టకుండా చేయాలి. చేస్తేనే గణేష్ ఉద్యోగం నిలుస్తుంది.

రెండు మణికట్లకూ కట్లున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, గణేష్ మైకు దగ్గరికి వంగాడు. వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. టైపు చేసీ చేసీ నరాలు దెబ్బతిన్నాయని, ఇక కీబోర్డు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకే నోటిమాటతో పనిచేసే ఈ సాఫ్టువేరు తెప్పించారు.

“ఓపెన్ ఫైల్,” అన్నాడు.

తెర మీద ‘ఓవెన్ ఫుల్’ అని పడింది.

“తొందరపడకుండా చెప్పు,” అన్నాడు వెనక నిలబడ్డ గురునాథరావు. ఆయనే ఆఫీసు యజమాని.

“ఓపెన్... ఫైల్.”

ఈసారి ‘హోపింగ్ వైఫ్’ అని పడింది. పక్క టేబుళ్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఏమయ్యా, అది సముద్రాలు దాటొచ్చిన సరుకు. నీ భీమిలి ఇంగ్లీషు దానికెలా ఎక్కుద్ది?”

“ఇంకొక్కసారి చూస్తానండి.”

టీవీలో వార్తలు చదివేవాళ్లలా నాలుక మడిచి చెప్పాడు గణేష్. ముక్కుతో పలికి చూశాడు. గొంతు తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. ఎంత కష్టపడితే అంత అడ్డదిడ్డంగా రాసింది. “నీకు దండం పెడతానే,” అని గొణిగితే ఆ గొణుగుడు కూడా ఏదో ఇంగ్లీషు ముక్కై తెర మీదికెక్కింది. నిజంగా దండం పెడదామన్నా రెండు చేతులూ కలిసేలా లేవు.

“మిషన్లోనే ఏదన్నా తేడా ఉందేమోనండి,” అన్నాడు బొంగురు గొంతుతో.

“అదీ చూద్దాం. అనూరాధమ్మా, ఓసారిలా రా.”

అనూరాధ కాన్వెంటులో చదివిన అమ్మాయి. ఆఫీసు ఉత్తరాలన్నీ తనే రాస్తుంది. ఎందుకు పిలిచారో తెలిసి, అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. మైకు ముందు వంగి, గణేష్ వైపు చూడకుండా, “ఓపెన్ ఫైల్,” అంది.

ఫైలు తెరుచుకుంది.

“క్లోజ్ ఫైల్.”

మూసుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. “సారీ గణేష్ గారూ,” అని, తనేదో తప్పు చేసినట్టు గబగబా తన సీటుకు వెళ్లిపోయింది.

“చూశావా? మిషను బంగారం,” అన్నాడు గురునాథరావు. “నీ మీద నాకేమన్నా పగా చెప్పు. అవతల ఓడొచ్చి కూర్చుంది. చెయ్యాడదు, నోరు తిరగదు. నిన్ను పెట్టుకుని నేనేం చేసేదయ్యా?”

గణేష్ పళ్లతో కట్లు విప్పుకున్నాడు. కీబోర్డు మీద చేతులు వేశాడు. ఒక వరస కొట్టాడో లేదో, మణికట్టు నుంచి భుజం దాకా నిప్పు పాకినట్టయింది. వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు.

ఆఫీసు మూసే వేళకు, తన ఇష్టప్రకారమే మానేస్తున్నట్టు ఒక కాగితం అతని ముందుకొచ్చింది. పెన్ను పట్టుకోబోతే జారి కింద పడింది. తీసిచ్చారు. మళ్లీ జారింది. గురునాథరావు ముఖం పక్కకు తిప్పుకుని స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. వాళ్లింట్లో సంతకం నేర్చిన మొదటివాడు గణేష్. చేపల తట్టతో వీధులు తిరిగే తల్లి పోతమ్మ వేసినట్టే, బొటనవేలి ముద్ర వేసి లేచాడు.

“ఆ సాఫ్టువేరు డబ్బా కూడా ఇప్పుడే వాపసు పంపెయ్. ఇంక దాంతో పనేముంది?” అని గురునాథరావు దొరబాబుకు చెప్పడం మెట్ల మీదికి వినిపించింది. ఆఫీసులో కంప్యూటర్లు బిగించేదీ, బాగుచేసేదీ దొరబాబే. గణేష్‌కు ప్రాణ స్నేహితుడు.

భీమిలి బస్సు కోసం నిలబడ్డ గణేష్ దగ్గరికి, అతను మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని వచ్చాడు దొరబాబు. దాన్ని గణేష్ మోచేతికి తగిలించాడు.

“డబ్బా కొరియర్లో ఏసొచ్చీసినాను. పీడ వదిలింది. ఏడవతన్నావేటి బావా?”

“లేదు. తప్పు నాదే దొరా. నా నాలికే మంచిది కాదు. ఆవిడ సెప్తే ఇన్నాది గదా.”

“ఆవిడ మాట ఇనకేం సేత్తాది? అసలు నీకోసరం నాను సేయవలసిందంతా సేసినాను బావా. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు గదా దాన్ని ఎక్కించినాను. మైకులో గంటసేపు ఏదో సదివి తనకి నేర్పాలన్నాది ఆ మిషను. మొట్టమొదటే మన ఇంగ్లీసు ఇంటే పాడైపోద్దని, నీకు సెప్పకండా అనూరాధ మేడం కాళ్లా ఏళ్లా పడి ఆవిడ సేత సదివించినాను. మైకు టెస్టింగని సెప్పినాను. పాపం, గొంతెండిపోయేదాకా సదివింది. అంత మంచి ఇంగ్లీసు నేర్సుకుని కూడా నీ మాట ఇనలేదంటే, ఇంకేటి సేత్తాం సెప్పు.”

గణేష్ నోరు తెరిచాడు. చెమటలు పట్టిన దొరబాబు మొహం చూసి మళ్లీ మూసుకున్నాడు. బస్సొచ్చింది.

“నువ్వేటి సేత్తావులే దొరా,” అని, కమ్మీ పట్టుకోలేక మోచేతులు ఆన్చుకుంటూ బస్సెక్కాడు.

తన ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదని ఎవరైనా మీ ముందు తలదించుకుంటే, భీమిలి గణేష్‌ను ఒక్కసారి తలుచుకోండి. ఎవరు చదివి నేర్పితే వాళ్ల మాటే వినే ఆ యంత్రం, ఆ రోజంతా అనూరాధ గొంతు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది.