వెనక వైపరు

పొద్దున్నే షెడ్డు షట్టరు సగం లేచేసరికే డ్రైవరు బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. మూడు రోజులుగా ఒకటే ముసురు.

"ఏంటన్నా, కోడి కూయకముందే దిగబడ్డావ్?" అన్నాడు మెకానిక్ ఆవలిస్తూ.

"వెనక వైపరు పోయింది. తొమ్మిదిన్నరకి బండి కావాలి."

మెకానిక్ వెనక్కి వెళ్ళి చూశాడు. గోడలా నిటారుగా ఉన్న తలుపు, దాని నిండా పెద్ద అద్దం. చక్రాలు చిమ్మిన బురదంతా ఆ అద్దానికే పట్టింది. వైపరు రబ్బరు ఎండి బీటలు వారింది. తుడిచిన చోటల్లా చారలే.

"ముందు వైపర్లు బాగానే ఉన్నాయిగా. వెనక్కి చూసుకోడానికి రెండు పక్కలా అద్దాలున్నాయి. ఇది లేకపోయినా చట్టం నిన్నేమీ అనదు. ఉండీ పనిచెయ్యకపోతేనే తనిఖీలో పట్టుకుంటారు. పీకేసి కన్నానికి బిరడా కొట్టేస్తా, పీడా పోతుంది."

"వద్దు. కొత్తది వెయ్యి."

"అయితే రేపు రా. ఇవాళ ఊపిరాడని పనుంది. అయినా ఇన్నేళ్ళలో నీ బండెక్కినవాళ్ళెవరైనా ఒక్క ఫిర్యాదు చేశారా?"

వాళ్ళిద్దరి మధ్యా అది పాత జోకే. ఎప్పుడూ డ్రైవరే ముందు నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

మెకానిక్ అప్పుడు మనిషిని సరిగ్గా చూశాడు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇవాళ ఎవరింటికి?"

"మా వీధిలోకే."

మెకానిక్ లోపలికెళ్ళి కొత్త బ్లేడు తీశాడు.

డ్రైవరు ఊరికే నిలబడలేదు. సబ్బునీళ్ళతో అద్దం కడిగాడు. నీళ్ళు చిమ్మే కన్నంలో పేరుకున్న మట్టిని సూదితో తీశాడు. చెయ్యి తిరిగిన పనే.

ఈ పిచ్చి ఆయనకి అంటించింది భార్యే. ఈ బండి ఎక్కిన కొత్తలో ఆయన వెనక అద్దం సంగతే పట్టించుకునేవాడు కాదు. "అది నీ కోసం కాదయ్యా, వెనకాల వచ్చేవాళ్ళ కోసం," అని ఆవిడే ఆదివారమాదివారం గుడ్డ పట్టుకుని తయారయ్యేది. పొడి అద్దం మీద వైపరు తిప్పితే రబ్బరు అరిగిపోతుందని చీవాట్లు పెట్టేది. "నన్ను కాదే, ఈ బండిని చేసుకోవాల్సింది నువ్వు," అని ఆయన ఉడికించేవాడు.

ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, ఎక్కడున్నావ్? అందరూ వచ్చేశారు."

"ఐదు నిమిషాలమ్మా. అమ్మకి నీలం శాలువా కప్పావా?"

"కప్పాను. ఇవాళ కూడా నువ్వే వెళ్ళాలా నాన్నా? ఇంకెవరినైనా పంపకూడదా?"

"ఇంకెవరైనా అయితే రేపు చేద్దామంటే సరేనంటారమ్మా."

మెకానిక్ నీళ్ళు చిమ్మి మీట నొక్కాడు. వైపరు అటోసారి ఇటోసారి తిరిగింది. అద్దం కడిగిన ముత్యంలా ఉంది.

"ఇక ఏడాదిదాకా చూసుకోనక్కర్లేదు. వదినని అడిగానని చెప్పన్నా."

డ్రైవరు తలూపాడు. వెనక అద్దాన్ని ఇంకోసారి చూసుకుని బండెక్కాడు.

తొమ్మిదిన్నరకి, ఇరవై రెండేళ్ళుగా తాను నడుపుతున్న ఆ శవవాహనం తాళాలు ఇంకో డ్రైవరు చేతిలో పెట్టి, కూతురి కారెక్కి, ముందు బండిలో పడుకున్న భార్యని అంత వానలోనూ వెనక అద్దంలోంచి చూసుకుంటూ శ్మశానం దాకా వెళ్ళాడు.