యల్లమందకొచ్చిన జబ్బు

“నడువే! మెట్టుకోసారి ఆగితే డాక్టరమ్మ భోజనానికి పోద్ది,” అన్నాడు కృపానందం పై మెట్టు మీద నుంచి.

“పరిగెత్తమాకయ్యా. ఆయాసమొచ్చి యల్లమంద లాగా కూలబడతావు,” అంది కరుణమ్మ గోడ పట్టుకుని.

యల్లమంద, కృపానందం కుర్రతనంలో బొంబాయి వైపు సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో కలిసి పనిచేశారు. ఆస్బెస్టాస్ గోతాలు విప్పి మిషన్లో గుమ్మరించడం వాళ్ళ పని. ఊరికి తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. పంతొమ్మిది వందల ఎనభై ఐదు వేసవిలో యల్లమందకు నాలుగడుగులేస్తే ఆయాసం మొదలైంది. తర్వాత ఒక పక్క డొక్కలో పోటు. మనిషి చిక్కిపోయాడు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు సూదితో తీస్తే మళ్ళీ చేరింది. ఊపిరితిత్తి పొరకు క్యాన్సర్ అన్నారు. ఆ దుమ్ము లోపలికి పోతే ముప్పై ఏళ్ళకైనా బయటపడుతుందట. మళ్ళీ కోటప్పకొండ తిరునాళ్ళ చూడకుండానే పోయాడు యల్లమంద.

అప్పట్నుంచి మొగుడు దగ్గితే చాలు, కరుణమ్మకు కునుకు లేదు. పోరి పోరి ఎక్స్‌రే తీయించి, ఇవాళ చూపించడానికి నరసరావుపేట తీసుకొచ్చింది.

“నీ బెంగతో సగమయ్యా. చూడు, జాకెట్లు సంచుల్లాగా ఏలాడతన్నయ్.”

“మంచిదేలే. పెళ్ళినాటి జాకెట్లు తియ్యి, సరిపోతయ్.”

“నవ్వించమాక, డొక్క పట్టేస్తంది.”

డాక్టర్ ప్రభావతి ఫొటోను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

“బీడీలు తాగుతారా?”

“మానేశానమ్మా.”

“ఎప్పుడు?”

“ఇందాకే. మీ మెట్లెక్కే ముందు.”

డాక్టరమ్మ నవ్వేసింది. “దగ్గు వాటిదే. ఊపిరితిత్తులు బాగున్నాయి. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోండి.”

“స్తోత్రం తండ్రీ!” కరుణమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఎంత ఏడిపించావయ్యా! పద, ఇయ్యాల కోడి కోస్తా.”

“అంత దుమ్ములో పనిచేసి ఇలా ఉన్నారంటే అదృష్టమే,” అంది డాక్టరమ్మ.

“అదృష్టం కాదమ్మా, నా కష్టం!” కరుణమ్మ గర్వంగా ముందుకు జరిగింది. “పిండిలో పొర్లినట్టు వచ్చేవోడు. గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. బయటే చొక్కా విప్పించేదాన్ని. నీళ్ళు తగిల్తే ముద్ద కడతదని, పొడిగుడ్డ మీదే టపటపా కొట్టి దులిపేదాన్ని. అక్కడున్నన్నాళ్ళూ రోజూ అదే పని. ఒక్క నలుసు ఒంటి మీద ఉండనిచ్చానా?”

“నిజమేనమ్మా,” కృపానందం నవ్వాడు. “దులిపి దులిపి దీని మొహం తెల్లగా అయ్యేది. దొరసానివయ్యావే అని ఏడిపించేవోణ్ణి.”

మొగుడూ పెళ్ళాలిద్దరూ పగలబడి నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. చేతిలోని ఫొటో బల్ల మీద పెట్టి, కరుణమ్మ వైపు కుర్చీ తిప్పుకుంది.

“ఎక్స్‌రే తీయాల్సింది మీకమ్మా.”