విరామంలో శ్రుతి

“ఇవాళ మీరు పని అవగానే వెళ్లిపోకూడదు మాస్టారూ. మూడో వరుసలో మీకో కుర్చీ ఉంచాం,” అన్నాడు హాలు మేనేజరు.

ట్యూనరు మాస్టారు పియానో మూత కింద నుంచి తల బయటికి తీశాడు. “ఎప్పుడూ లేని మర్యాద ఇవాళేమిటయ్యా?”

“ఊరికే. విందురుగాని. వయొలిన్, చెల్లో, పియానో, అంతే. మొదటి సగం రొమాంటిక్ కాలం చివరి రోజులది. విరామం తర్వాత స్పానిష్ తరహా.”

“పియానో మీ దొరగారేగా?”

“బయట పోస్టర్ల నిండా ఆయన బొమ్మేగా, చూడలేదూ?” అనేసి మేనేజరు నాలిక కరుచుకున్నాడు.

మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. ముప్పై ఏళ్లుగా ఆ హాల్లో పియానోకి శ్రుతి చేసేది ఆయనే. దొరగారి మీద పగ మాత్రం మూడేళ్లది.

కొత్తవాళ్లను ఎంపిక చేసే రోజున, మాస్టారి కూతురు వాయిస్తూ ఉండగానే ఆ పెద్దమనిషి వచ్చి పియానో మూత దించేశాడు. “ఇంటికెళ్లి కూరలు తరుక్కో తల్లీ,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య కూతురు తన పక్కనుంచే బయటికి వెళ్లిపోవడం మాస్టారు విన్నాడు. తల్లి లేని పిల్ల. మళ్లీ ఇంట్లో పియానో ముట్టుకోలేదు. ఏదో ఆఫీసులో చేరింది. ఈ ఆర్నెల్లుగా ఇంటికొచ్చేసరికి రోజూ ఎనిమిది దాటుతోంది. అడిగితే పని ఎక్కువైందంటుంది.

ఇవాళ పొద్దున సంచి భుజాన వేసుకుంటూ, “ఇవాళ శ్రుతి బాగా చెయ్యి నాన్నా,” అంది.

“వాడికా?”

“పియానోకి నాన్నా!”

“నీకు రోషం లేకపోతే పోనీ. నేను ఉప్పూకారం తినేవాణ్ణే.”

“నీతో వేగలేను బాబూ,” అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఎవరికోసం ఏడవాలో తెలియని పిచ్చిపిల్ల అనుకున్నాడు మాస్టారు. వాడికి ఇవాళ ఆ నవ్వులే తిరిగి వినిపించాలి, అదీ నిండు సభలో.

సగం కచేరీ అయ్యేసరికి తీగలు కాస్త అటూ ఇటూ అవుతాయి. విరామంలో ట్యూనరు స్టేజీ ఎక్కి సరిచేయడం మామూలే. తీగ చుట్టిన మేకును బిగించాక పిసరంత వెనక్కి తిప్పి కుదురుగా కూర్చోబెట్టాలి. అలా చేయకుండా వదిలేస్తే, నొక్కి చూసినప్పుడు నిక్షేపంగానే పలుకుతుంది. పదేపదే గట్టిగా కొడితే జారుతుంది. స్పానిష్ ముక్కలో ఒకచోట మిగతా ఇద్దరూ ఆగిపోతారు. పియానో ఒక్కటే గిటారులా ఒకే మెట్టు, అంటే ఒకే కీ మీద రెండు నిమిషాలు టకటకలాడుతుంది. ఆ మెట్టు ఏదో మాస్టారికి తెలుసు.

చప్పట్ల మధ్య కచేరీ మొదలైంది. పియానో మీద వాడి పిడిగుద్దులు మాస్టారికి కొత్త కాదు. ఇవాళ మాత్రం చెల్లో పాడుతుంటే పియానో కింద నుంచి ఎత్తిపట్టుకున్న తీరుకి ఆయన తనకు తెలియకుండానే ముందుకు వంగి విన్నాడు. మరుక్షణమే ఒళ్లు మండింది. ఇంత మెత్తదనం చేతుల్లో ఉంచుకునే, ఆ రోజు పసిదాని మీద మూత దించాడన్నమాట.

విరామం గంట మోగింది.

“ఏం వాయించారండీ పియానో!” అంది పక్క కుర్చీలోని ఆవిడ, కళ్లు తుడుచుకుంటున్న గొంతుతో.

“చేతులు మంచివేనమ్మా. మనసే కుళ్లు.”

“అయ్యో, అదేం మాట?”

“మీకు తెలీదులెండి.”

మేనేజరు చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించి వెళ్లిపోయాడు. వాద్యగాళ్లు లోపలి గదిలో ఉన్నారు. మాస్టారు ఆ మెట్టుకున్న మూడు తీగల మేకుల్లో మొదటిదాన్ని తడిమి, శ్రుతి చేసే తాళం తగిలించి, ఆగాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మేకునూ ఆయన దొంగగా వదల్లేదు. అప్పుడు మళ్లీ ఆ నవ్వులు వినిపించాయి. మూడు తీగల మేకులూ బిగించి, కూర్చోబెట్టకుండానే వదిలేశాడు. నొక్కి చూస్తే మెట్టు అమాయకంగా పలికింది.

రెండో సగం హుషారుగా సాగింది. మిగతా వాద్యాలు ఆగాయి. పియానో ఒక్కటే మిగిలింది. మాస్టారు మోకాలి మీద వేలితో లెక్కపెడుతున్నాడు. నలభై, యాభై.

మొదటి తీగ జారింది. వెంటనే రెండోది. మెట్టు బొంగురుపోయి కప్పలా అరిచింది. పియానో తడబడి, ఆగి, మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అదే అరుపు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరుసల దాకా పాకింది.

‘నవ్వండి. ఇంకా గట్టిగా నవ్వండి,’ అనుకున్నాడు మాస్టారు. నెత్తిన పాలు పోసినట్టుంది. సంగీతం ఆగిపోయింది. స్టేజీ మీద బల్ల దబ్బున పడింది. హాలంతా గోల. ఆ గోలంతా ఆయన కళ్లు మూసుకుని, ప్రసాదంలా స్వీకరించాడు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. మణికట్టు దాకా కట్టు కట్టిన చెయ్యి. చెవి దగ్గరకు వంగిన గొంతు, వెయ్యిమందిలో ఉన్నా మాస్టారు పోల్చుకోగల గొంతు, దొరగారిది.

“నిన్న నా చెయ్యి తలుపు సందులో నలిగింది మాస్టారూ. ఇవాళ నా బదులు తననే కూర్చోబెట్టాను. ఒకప్పుడు చేసిన తప్పు దిద్దుకుందామని ఆర్నెల్లుగా నేనే దగ్గరుండి నేర్పిస్తున్నాను. మీకు ముందే చెబుదామంటే వద్దంది, విని గుర్తుపట్టాలట. పాపం, ఏ తీగ జారిందో ఏమో.”

మాస్టారు ఆ కట్టును తడిమి చూశాడు.

“లోపలికి రండి, మీ అమ్మాయి ఏడుస్తోంది.”