పడవ తగిలింది

పొద్దున్నే పొయ్యి వెలగాలంటే ముందు దాని తెర మీద చక్రం తిప్పాలి. ఇప్పుడు ఏ వస్తువైనా అంతే, పందెం ఆడితేనే పనిచేస్తుంది. నూకరత్నం రోజూ ఓడిపోయి హాయిగా అట్లు పోసుకునేది. ఇవాళ మోటారు పడవ గెలుచుకుంది. బహుమతి మీద పన్ను కట్టేదాకా పొయ్యి వెలగదని తెర మీద అక్షరాలు మెరిశాయి.

"మూడో అంతస్తులో పడవేంటండీ, నా బొంద!" అని గరిటె విసిరికొట్టింది. "వద్దని చెప్పేస్తే?"

"వద్దన్నా పన్ను తప్పదు," అన్నాడు భర్త వీర్రాజు, ఖాళీ కంచం ముందు కూర్చుని. "ఇన్నాళ్లూ ఓడిపోయిన డబ్బు మాత్రం లెక్కలోకి రాదు."

పూజగదిలోంచి అత్తగారు మురిసిపోతూ వచ్చింది. "నువ్వు గెలవాలని నేనే మొక్కానే!"

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. "ఓడిపోవాలని మొక్కాలి అత్తయ్యా! వీధిలో అందరూ గుడికెళ్లేది అందుకేగా!"

"అయితే ఇప్పుడే మొక్కుతాను. ఓ కొబ్బరికాయ తెప్పించు," అంది అత్తగారు నొచ్చుకుంటూ.

నూకరత్నం ఫోన్లో కొబ్బరికాయ బొమ్మ నొక్కింది. అక్కడా చక్రం తిరిగింది. ముగ్గురూ కళ్లు మూసుకుని చేతులు జోడించారు.

ఫోను గణగణ గంటలు కొట్టింది. ఇంకో పడవ.

"నేను గెలవాలని అసలెన్నిసార్లు మొక్కారు అత్తయ్యా?"

అత్తగారు తల దించుకుంది. "రోజూనే."