ముప్పై తొమ్మిదో సంతకం

“పెట్టనండి,” అంది సింధూరి, పెన్ను తిరిగి బల్ల మీద పెట్టేస్తూ.

ప్లేస్‌మెంట్ ఆఫీసరు లక్ష్మీకాంత్ ఆ పెన్నును మళ్లీ ఆమె వైపు జరిపాడు. బల్ల మీద ఉన్నది ఒకే ఒక్క కాగితం. ముప్పై ఎనిమిది మంది ఫైనలియర్ పిల్లల పేర్లు, ఉద్యోగం వచ్చిందని ఒప్పుకుంటూ పక్కనే వాళ్ల సంతకాలు. సింధూరి సంతకం చెయ్యాల్సిన చోటు ఒక్కటే తెల్లగా మిగిలింది.

“ముప్పై ఎనిమిది మందీ నోరెత్తకుండా పెట్టారు. నీ ఒక్కదానికే వచ్చిందా నొప్పి? రేపు పొద్దున్నే కాలేజీ తనిఖీకి కమిటీ వస్తోంది. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్లని గేటుకి ఫ్లెక్సీ కూడా కట్టించేశాం.”

“విప్పించండి సార్.”

ఆయన వెనక గోడ మీద ‘ఉద్యోగం అడగొద్దు, సొంతంగా మొదలుపెట్టు’ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. స్టార్టప్ సెల్ ఇన్‌చార్జి కూడా లక్ష్మీకాంతే మరి. ఏ కుర్చీలో ఉంటే ఆ మాట మాట్లాడతాడు.

కంకిపాడు దాటాక ఉన్న ఆ కాలేజీలో, మెట్ల కింది పాత స్టోర్‌రూమే సింధూరి కార్ఖానా. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోగానే రైతు ఫోన్ మోగించే పెట్టెలు అక్కడ తయారుచేస్తుంది. కాలేజీ వాళ్లు ఆమె ఫొటో బ్రోచర్ మొదటి పేజీలో వేసుకున్నారు, గదికి ఫ్యాన్ మాత్రం వెయ్యలేదు. వచ్చే వారం కైకలూరు రైతులకు ఇరవై పెట్టెలు ఇవ్వాలి. ఆ గది పోతే రెండేళ్ల కష్టం రోడ్డున పడుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

“ఏ కంపెనీ తీసుకోని పిల్లలమ్మా వీళ్లు. ఎలాగోలా ఓ కంపెనీ దొరికింది. కళ్లకద్దుకోవాలా, వద్దా?” లక్ష్మీకాంత్ గొంతులో తేనె ఊరింది. “అసలా కంపెనీకేం తక్కువ?”

“కుర్చీలు తక్కువ సార్. ఇంతమంది ఎక్కడ కూర్చుంటారు?”

“స్టార్టప్ అన్నాక అంతే. రేప్పొద్దున పెరగదా?”

“పెరగనివ్వండి. ఆ రోజు నేనే వచ్చి పెడతాను సంతకం.”

“సంతకం పెట్టినంత మాత్రాన ఎవరూ చేరక్కర్లేదమ్మా. కమిటీ వెళ్లాక చించి పారేద్దాం.”

“చించేదాన్ని రాయడం దేనికండీ?”

ఇంతలో సింధూరి ఫోన్ మోగింది. తల్లి రాజ్యలక్ష్మి. లక్ష్మీకాంత్ ముందే ఆమె చెవిన వేసినట్టున్నాడు.

“వాళ్లతో గొడవెందుకే? ఒక్క సంతకమేగా, గీకి రా. తర్వాత ఎవరడగొచ్చారు?”

“నన్ను నేనే అడుగుతానమ్మా,” అని పెట్టేసింది.

లక్ష్మీకాంత్ గొంతులో తేనె ఇంకిపోయింది. “అయితే గది తాళం ఇటివ్వు. స్టార్టప్ పేరు చెప్పి నీకిచ్చిన అటెండెన్స్ మినహాయింపు కూడా రద్దు. పరీక్షలెలా రాస్తావో చూస్తా.”

సింధూరికి భయమేసిన మాట నిజం. దాన్ని మించి ఒళ్లు మండింది. తాళంచెవి తీసి కాగితం మీద ఆ తెల్లటి జాగాలోనే పెట్టింది.

“ఏడాది పోతే పోనివ్వండి సార్. పెట్టెలు మా వరండాలో చేసుకుంటాను. సంతకం మాత్రం పెట్టను.”

మెట్ల కింద గదిలో సామాను సర్దుకుంటుంటే గుమ్మంలో చిన్ని వచ్చి నిలబడింది. సివిల్ బ్రాంచి అమ్మాయి. ఇద్దరికీ హాస్టల్లో ముఖపరిచయమే. ఆ కాగితం మీద మొదటి పేరు చిన్నిదే.

“నీ ఒక్కదాని వల్ల మొత్తం లిస్టు ఆగిపోయిందటగా! చల్లపల్లిలో మా నాన్న వీధంతా స్వీట్లు పంచేశాడు, తెలుసా?”

సింధూరికి ప్రాణం ఉసూరుమంది. “తొందరపడ్డారు చిన్నీ. ఇంకో ఉద్యోగం వెతుక్కో. ఆ కంపెనీలో నీకు పని లేదు. ఎవరికీ లేదు.”

“నీకిష్టం లేకపోతే మానుకో. మా నోటికాడ కూడు లాగుతావెందుకు? అసలా కంపెనీ గురించి నీకేం తెలుసని?”

సింధూరి చేతిలోని అట్టపెట్టె కింద పెట్టి, చిన్ని కళ్లలోకి సూటిగా చూసింది.

“ఆ కంపెనీ నాదే.”