ఎక్కడివాళ్లు అక్కడే

మీరూ ఆ మద్దిచెట్టు కిందే ఉన్నారు కదా, చూసింది చెప్పండి. నోరు మెదపరేం? అయితే నేనే చెబుతాను.

వడ్రంగిపిట్ట ముక్కు అరిగేలా తొలిచి చేసుకున్న తొర్రలోకి ఉడుము దూరింది. లోపల పిట్ట గుడ్లున్నాయి. పిట్ట ఏడుస్తూ, అడవిలో తీర్పులు చెప్పే ముసలి దుప్పిని పిలుచుకొచ్చింది.

ఉడుము తల మాత్రం బయటపెట్టింది. "ఈ తొర్ర నాదయ్యా. నా తరఫున మాట్లాడాల్సిన వకీలు నక్క. ఎండా వానా కలిసి వచ్చాయి కదా, ఈరోజే దాని పెళ్లి. వాయిదా ఇప్పించండి."

దుప్పి లంచం తినేది కాదు. కానీ రెండు వైపులా వినందే తీర్పు చెప్పదు. "సరే, వాయిదా. అంతవరకూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి. ఎవరూ కదలకూడదు" అంది.

"అయ్యా, అది నా గుడ్ల పక్కనే ఉందయ్యా!" అని పిట్ట మొత్తుకుంది.

"అయ్యగారి మాటకి ఎదురు చెప్పకమ్మా" అని కసిరింది ఉడుము. "నన్ను చూసి నేర్చుకో, కదుల్తున్నానా?"

నక్క పెళ్లయింది, విందులయ్యాయి, అత్తారింటి నుంచి తీరిగ్గా తిరిగొచ్చింది. దుప్పి అందరి మాటా విని, తొర్ర పిట్టదేనని తేల్చింది. ఉడుము దండం పెట్టి, బరువెక్కిన పొట్టతో మెల్లగా చెట్టు దిగిపోయింది. తొర్రలో పెంకులు మిగిలాయి.

న్యాయం గెలిచిందని అడవంతా చప్పట్లు కొట్టింది. మీరూ కొట్టారు. గుడ్లు తిన్నది ఉడుమే, కాదనను. దాన్ని కూర్చోబెట్టి వడ్డించింది ఎవరు?