గౌరవ్వ నడుం నొప్పి

"ఈ గోళీలు ఎవరికి?" హమీదుద్దీన్ ఖాళీ పట్టీని వెనక్కి తిప్పి పేరు చదివాడు.

"మా గౌరవ్వకు సాబ్. నా పెండ్లాం. బీడీలు చేస్తది. పొద్దంత ఒక్కతీరు కూసునేసరికి నడుం పట్టేస్తది."

గల్ఫ్ పట్నంలోని ఉమ్ ఘువైలినా పేటలో, ఆ మందుల షాపులో తెలుగు తెలిసినవాడు హమీదుద్దీన్ ఒక్కడే. బోధన్ మనిషి. అతని కోసమే లింబాద్రి సైటులో డ్యూటీ దిగి, సిమెంటు బట్టలతోనే రెండు బస్సులు మారి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిలబడటానికి కౌంటరు పట్టుకున్నాడు.

"డబుల్ డ్యూటీనా?"

లింబాద్రి జేబులోంచి మందు పేరు రాసిన చీటీ తీసి ముందు పెట్టాడు. "ఇది గూడ వాడుతది."

చదువుతూనే హమీదుద్దీన్ చేతిలోని పట్టీని కింద పెట్టాడు.

"ఇది రక్తం పల్చబడే మందు. గుండె ఆపరేషన్ అయ్యిందా?"

"రెండేండ్లయింది. వాల్వు మార్చిండ్రు."

"అరే భాయ్, దీని మీద ఈ నొప్పి గోళీ ముట్టద్దు. ఆస్ప్రిన్ వద్దు, ఐబుప్రొఫెన్ వద్దు, డైక్లోఫెనాక్ వద్దు. కడుపుల రక్తం కారుతది."

"మరి ఏది పంపాల్సుండె?"

"పారాసిటమాల్. అది గూడ తక్కువ, నాలుగు రోజులకు మించకుండ. గుండె డాక్టరుకు చెప్పినంకనే."

లింబాద్రి పెదవులు కదిలాయి. ఆ పేరును రెండుసార్లు లోపలే అనుకున్నాడు.

"దొడ్డికి నల్లగ పోతే సాబ్?"

"లోపల రక్తం పోతున్నట్టే. గంట గూడ ఆగద్దు, దవాఖానకు తీస్కపోవాలె. ఇంతకు ఈ గోళీలు ఎవరిచ్చిండ్రు ఆమెకు?"

"నేనే పంపిన. మా రూముల ఉండే జలంధర్ సెలవు మీద ఊరికి పోతుంటే, సబ్బులతోని ఆయన చేతికిచ్చిన. ఈడనే కొన్న, మూడు నెలల కింద. ఈ ఒక్క పట్టీ నేను వాడుకున్న."

హమీదుద్దీన్ గొంతు తగ్గింది. "ఎవరికోసమో నేను అడగలేదా?"

"మీరు అడగలే, నేను చెప్పలే. నాకే అనుకున్నరు."

హమీదుద్దీన్ తన సెల్‌ఫోన్ అతని ముందుకు జరిపాడు.

"యల్లా, జల్ది, ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్. మిగిలినయన్ని పారెయ్యమను. ఇంకొక్కటి గూడ మింగద్దను."

లింబాద్రి ఫోన్ వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"గౌరవ్వను నిన్ననే మట్టి చేసిండ్రు సాబ్."